గుర్రం నోరు తెరిచి చూసిందెవరు, ఎందుకు?

"దానమిచ్చిన ఆవుకి పళ్ళు ఎంచకూడదు" అంటారు మనవాళ్ళు. ఊరికే వచ్చినదానికి వంకలు పెట్టొద్దని అర్థం. ఇదే సామెత లాటిన్‌లోనూ ఉంది, కాకపోతే అక్కడ ఆవు బదులు గుర్రం. క్రీ.శ. 400 ప్రాంతంలో జెరోమ్ అనే క్రైస్తవ పండితుడు ఈ మాట వాడుతూ, ఇది జనం నోట్లో ఉన్న సామెతే అని కూడా రాశాడు. అంటే అప్పటికే అది పాత మాటన్నమాట.

దానంగా వస్తే పళ్ళు చూడొద్దు అన్నారంటే, డబ్బులిచ్చి కొనేటప్పుడు మాత్రం చూస్తారనే కదా! పశువు నోరంటే ధర చీటీ.

సాఫ్ట్‌వేర్ వాడికి గుర్రం పళ్ళతో ఏం పని అని అడగొచ్చు. పనేమీ లేదు. రాత్రిపూట ఒక లింకు మీంచి ఇంకో లింకుకి దూకుతూ పోతే అక్కడ తేలాను. కానీ చదివేకొద్దీ ఒక ప్రశ్న పట్టుకుని వదల్లేదు. మనిషి మూడు వేల ఏళ్ళుగా గుర్రం నోట్లోకి చూస్తున్నాడు. పన్ను చూసి వయసెంతో చెప్పేంత నైపుణ్యం ఎప్పుడో సంపాదించాడు. మరి అదే నోట్లో నొప్పి ఉందని కనిపెట్టడానికి ఇంత ఆలస్యం ఎందుకైంది?

ముందు పన్ను సంగతి

చరిత్రలోకి వెళ్ళేముందు గుర్రం పన్ను ఎలా పనిచేస్తుందో చూడాలి. అది మన పన్నులాంటిది కాదు. మనకి పన్ను ఒకసారి వస్తే అంతే, అరిగితే అరిగినట్టే. గుర్రం పన్నుని మైక్రో-టిప్ పెన్సిల్‌తో పోల్చొచ్చు. దవడ లోపల పొడుగాటి నిల్వ ఉంటుంది. పైన అరుగుతున్నకొద్దీ కిందనుంచి బయటికి వస్తుంటుంది, ఏడాదికి 2-3 మిల్లీమీటర్ల చొప్పున. ఇరవై, పాతికేళ్ళు దాటాక పెన్సిల్లో ముల్లు అయిపోతుంది. ముసలి గుర్రానికి పళ్ళు ఊడేది అందుకే.

ఆరుబయట వదిలేస్తే గుర్రం రోజులో పదహారు గంటల దాకా మేస్తుంది. గడ్డిలో సిలికా ఉంటుంది, దాంతోపాటు మట్టీ ఇసకా వెళ్తాయి. అంత నమిలితే పన్ను అరగాల్సిందే, అందుకే ఆ నిల్వ. ఇంతవరకూ డిజైన్ బాగానే ఉంది.

చిక్కు ఎక్కడంటే, గుర్రానికి పై దవడ వెడల్పు, కింది దవడ ఇరుకు. పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చోవు. గడ్డి నమిలేటప్పుడు దవడ అటూ ఇటూ బాగా తిరుగుతుంది కాబట్టి పన్ను మొత్తం కాస్త సమంగా అరుగుతుంది. మనం శాలలో కట్టేసి దాణా పెడితే దవడ అంత వెడల్పుగా తిరగదు, నమిలే సమయమూ తగ్గిపోతుంది. అప్పుడు పై పళ్ళకి బుగ్గవైపు అంచూ, కింది పళ్ళకి నాలుకవైపు అంచూ అరక్కుండా మిగిలిపోయి కత్తిలా తయారవుతాయి. ఆ అంచులు లోపల బుగ్గనీ నాలుకనీ కోస్తుంటాయి. బయటనుంచి చూసేవాడికి ఏమీ కనిపించదు.

అంటే గుర్రం పళ్ళ బాధల్లో పెద్ద భాగం, మనం దాన్ని కట్టేసి మేపడం మొదలుపెట్టినప్పటినుంచీ పెరిగినదే. గుర్రం పన్ను మారలేదు. మనం దాన్ని వాడే తీరు మారింది.

వరాహమిహిరుడి లెక్క

ఆరో శతాబ్దం నాటి వరాహమిహిరుడి బృహత్సంహితలో గుర్రాల లక్షణాల మీద ఒక అధ్యాయం ఉంది. అందులో ఒకే ఒక్క శ్లోకంలో గుర్రం వయసు లెక్క మొత్తం కుక్కేశాడు. సారాంశం ఇదీ: ఆరు తెల్లటి పళ్ళుంటే ఏడాది పిల్ల, అవి కాస్త గోధుమరంగుకి తిరిగితే రెండేళ్ళు. నడిమి జత ఊడి కొత్తవొస్తే మూడేళ్ళు, దాని పక్క జత మారితే నాలుగు, చివరి జత మారితే ఐదు.

ఇప్పటి పశువైద్య పుస్తకంలో చూస్తే నడిమి పళ్ళు రెండున్నర ఏళ్ళకీ, పక్కవి మూడున్నరకీ, చివరివి నాలుగున్నరకీ మారతాయని ఉంటుంది. పదిహేను వందల ఏళ్ళ కిందటి లెక్క అచ్చు గుద్దినట్టు సరిపోతోంది!

అక్కడితో ఆగలేదాయన. ఐదేళ్ళ తర్వాత మూడేసి ఏళ్ళకి ఒక దశ చొప్పున చెప్పాడు. నలుపు, పసుపు, తెలుపు, గాజు రంగు, తేనె రంగు, శంఖం రంగు, ఆ తర్వాత పంటిలో గుంట, తర్వాత పన్ను కదలడం, చివరికి ఊడిపోవడం. తొమ్మిది దశలు, మూడేసి ఏళ్ళు. మొదటి ఐదూ కలిపితే 32 ఏళ్ళు. రంగుల లెక్క ఎంతవరకు నిలబడుతుందనేది వేరే సంగతి. ఇంత ఓపిగ్గా ఎవరో తరాల తరబడి గుర్రాల నోళ్ళలోకి చూస్తేనేగానీ ఇలాంటి పట్టిక తయారవ్వదు.

ఇది మనకి మరీ దూరపు విద్యేం కాదు. మా తాతగారు సంతలో ఎద్దు పెదవి ఎత్తి ఒక్క క్షణం చూసి వదిలేసేవారు, బేరం అక్కడే సగం తేలిపోయేది. ఆంధ్రలో జరిగే ఒంగోలు ఎద్దుల బండలాగుడు పోటీల్లో ఇప్పటికీ విభాగాల పేర్లు పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. బర్త్ సర్టిఫికెట్ నోట్లోనే ఉంటే కాగితంతో పనేముంది?

అసలు బేరం

వయసు తెలియడం ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే గుర్రం ధర చూడాలి. విజయనగరం గురించి రాసిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ ప్రకారం సాళువ నరసింహరాయలు హొర్ముజ్, ఏడెన్ నుంచి గుర్రాలు తెప్పించుకునేవాడు, వెయ్యి పర్దావులకి మూడు గుర్రాల లెక్కన. దారిలో చచ్చినా సరే, సముద్రంలో చచ్చిన గుర్రం తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చినట్టే డబ్బులిచ్చేవాడట. వినడానికి పిచ్చిగా ఉన్నా ఇది తెలివైన పనే. రిస్కు మొత్తం రాజే భరిస్తే వర్తకులు పక్క రాజ్యానికి పోరు కదా. ఆ 15వ శతాబ్దంలోనే మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో హయలక్షణ విలాసం అనే పద్యకావ్యం రాశాడు. గుర్రం తెలిసినవాడికి అప్పట్లో అంత గిరాకీ.

మరి ఇంత డబ్బు చేతులు మారే చోట మోసం ఉండదా? 18వ శతాబ్దం ఇంగ్లండులో "బిషపింగ్" అని ఒక కళ ఉండేది. పడుచు గుర్రం ముందు పళ్ళమీద నల్లటి గుంటలుంటాయి. వయసు పెరిగేకొద్దీ అరిగి మాయమైపోతాయి. వ్యాపారులు ముసలి గుర్రం పళ్ళలో ఉలితో కొత్త గుంటలు చెక్కి, ఎర్రగా కాల్చిన ఇనపముక్కతో వాటిని నల్లగా మాడ్చేవాళ్ళు. సెకండ్ హ్యాండ్ కారుకి కిలోమీటర్ల మీటరు వెనక్కి తిప్పడం లాంటిదే ఇది. తేడా ఏంటంటే మీటరుకి నొప్పి తెలీదు.

1880ల్లో సిడ్నీ గాల్వేన్ అనే గుర్రాల శిక్షకుడు ఇంకో కొలత ప్రచారంలోకి తెచ్చాడు. పై వరసలో చివరి ముందు పన్నుమీద నిలువుగా ఒక గాడి ఉంటుంది. పదేళ్ళకి చిగురు దగ్గర మొదలై, పదిహేనుకి సగం దాకా, ఇరవైకి పూర్తిగా వస్తుంది. పాతికకి పైసగం మాయమై, ముప్పైకి మొత్తం పోతుంది. పట్టిక చూడ్డానికి చాలా ముచ్చటగా ఉంటుంది. కానీ 1990ల్లో, పుట్టినతేదీ రికార్డు ఉన్న గుర్రాలమీద పరీక్ష పెట్టి చూస్తే, వయసు ముదిరిన గుర్రాల విషయంలో పళ్ళ జోస్యం ఏళ్ళకి ఏళ్ళు తప్పుతుందని తేలింది. దాణా, మట్టి, జాతి, అలవాట్లు అన్నీ అరుగుదలని మార్చేస్తాయి.

నెట్‌లో ఇంకో కథ తిరుగుతుంటుంది. 1432లో సన్యాసులు గుర్రానికి ఎన్ని పళ్ళని గ్రంథాలు తిరగేస్తూ రోజుల తరబడి వాదించుకున్నారనీ, ఒక కుర్రాడు "గుర్రం నోరు తెరిచి చూద్దాం" అంటే తన్ని తరిమేశారనీ. ఇది ఫ్రాన్సిస్ బేకన్ రాశాడంటారు. బేకన్ పుట్టిందే 1561లో, ఆయన రచనల్లో ఈ కథ దొరకదు. అయినా ఈ కథలో నాకు నచ్చనిది వేరే ఉంది. సన్యాసులు లెక్కపెట్టారో లేదోగానీ, సంతలో బేరగాడు ఏనాడో లెక్కపెట్టేశాడు. కొరత చూడకపోవడంలో లేదు. దేనికోసం చూస్తున్నారన్న దాంట్లో ఉంది.

మొదటి రంపం

బేరం సంగతి పక్కనపెడితే, పన్నుమీద నేరుగా చెయ్యి వేసిన మొదటివాళ్ళెవరు? ఇప్పటికి దొరికిన ఆధారాల్లో అన్నిటికంటే పాతవి మంగోలియాలో ఉన్నాయి. 2018లో విలియం టేలర్, మంగోలియా జాతీయ మ్యూజియానికి చెందిన బయర్సైఖాన్, ఇంకొందరు కలిసి, అక్కడి సమాధుల్లో పూడ్చిన గుర్రాల పుర్రెలు పరిశీలించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. క్రీ.పూ. 1150 ప్రాంతంలోనే అక్కడి పశుపాలకులు, సరిగ్గా రాని ముందు పళ్ళని కోయడానికి ప్రయత్నించారని అందులో తేల్చారు. రాతి పనిముట్లు వాడే రోజుల్లో, మత్తుమందు లేకుండా, ఐదారొందల కిలోలు కాకపోయినా ఆ చిన్న మంగోలియా గుర్రాన్నైనా పట్టి నిలబెట్టి ఈ పని చేశారంటే మెచ్చుకోవాల్సిందే.

అయితే ఆ పత్రంలో నన్ను ఆపేసింది ఇంకో తేదీ, క్రీ.పూ. 750. అప్పటినుంచీ పుర్రెల్లో "తోడేలు పన్ను" పీకేసిన గుర్తులు కనబడతాయి. పేరు భయంకరంగా ఉన్నా అది దవడ పళ్ళకి ముందు ఉండే చిన్న పన్ను. అన్ని గుర్రాలకీ ఉండదు, దానివల్ల నమలడానికి ఉపయోగమూ లేదు. సరిగ్గా ఆ కాలంలోనే కంచు, ఇనుప కళ్ళేలు వాడకంలోకి వచ్చాయి. లోహపు కడ్డీ నోట్లో పెట్టి లాగితే, ఆ చిన్న పన్ను దగ్గర ఒత్తిడి పడి గుర్రం బాధపడుతుంది, తల విదిలిస్తుంది, మాట వినదు. అందుకని పన్ను తీసేశారు.

ఇక్కడ రెండు వైపులా ఆలోచించాలి. గుర్రం నొప్పి తగ్గిందన్నది నిజం. కానీ ఆ నొప్పి పెట్టింది కళ్ళెం. కళ్ళేన్ని ఉంచి పన్నుని తీశారు. మా పనిలో ఇలాంటివి రోజూ చూస్తాం. కొత్తగా పెట్టిన మాడ్యూల్‌కి పాత కోడ్ అడ్డొస్తే పాత కోడ్‌నే తీసేస్తారు, ఎందుకంటే కొత్తది బాస్‌కి కావాలి :-)

కనిపించినా అర్థం కానిది

క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో గ్రీకు సేనాని జెనొఫోన్ గుర్రపుస్వారీ మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. కొనేముందు పాలపళ్ళ గుర్తులు చూసుకోమనీ, అవి పోయిన గుర్రాన్ని మళ్ళీ అమ్ముకోవడం కష్టమనీ చెప్పాడు. అదే పుస్తకంలో ఇంకో చోట, గుర్రపుశాల యజమాని కంటికి కనిపించేలా ఉండాలంటాడు. ఎందుకంటే గుర్రం మేతని బయటికి పారబోస్తుంటే వెంటనే తెలుస్తుంది. అలా పారబోస్తే ఒంట్లో రక్తం ఎక్కువైందనో, అలసిపోయిందనో, బార్లీ తిని అజీర్తి చేసిందనో, ఇంకేదో జబ్బు వస్తోందనో అనుకోవాలట.

మేత నోట్లోంచి పడిపోవడం! ఇవాళ ఏ గుర్రాల డాక్టర్ని అడిగినా ముందు నోరు చూద్దాం అంటాడు. జెనొఫోన్‌కి లక్షణం తెలుసు, పళ్ళూ తెలుసు. కానీ ఆయన జాబితాలో పళ్ళ పేరు లేదు. పన్ను వయసు చెప్పే వస్తువుగానే కనిపించింది, నొప్పెట్టే వస్తువుగా కనిపించలేదు.

ఆ తర్వాత శతాబ్దాల్లో పరిస్థితి బాగుపడకపోగా కొన్ని చోట్ల దిగజారింది. యూరప్‌లో "లాంపస్" అని ఒక జబ్బు కనిపెట్టారు. పడుచు గుర్రానికి పళ్ళు మారే వయసులో ముందు పళ్ళ వెనక అంగిలి కాస్త ఉబ్బుతుంది. అది సహజం. అదే సమయంలో పళ్ళు సలపడంవల్ల గుర్రం సరిగ్గా తినదు. ఈ రెంటినీ ముడిపెట్టి, తినకపోవడానికి కారణం ఆ ఉబ్బే అనేసి, ఎర్రగా కాల్చిన ఇనుముతో అంగిలి కాల్చేవాళ్ళు. అలాగే తోడేలు పన్నువల్ల గుర్రానికి కళ్ళు పోతాయని 19వ శతాబ్దం దాకా నమ్మారు. చదువుకున్న పశువైద్యులు వద్దని మొత్తుకున్నా నాడాలు కొట్టేవాళ్ళూ సాయీసులూ చాలాకాలం మానలేదు.

బాగుపడ్డ కాలం, మరిచిపోయిన కాలం

1762లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో క్లోద్ బూర్జెలా మొదటి పశువైద్య కళాశాల తెరిచాడు. అక్కణ్ణుంచి నెమ్మదిగా మార్పు వచ్చింది. నోరు తెరిచి పట్టే ఇనుప చట్రాలు, పొడుగు పిడి ఉన్న ఆకురాళ్ళు, దవడ పళ్ళు పీకే పట్టుకార్లు వచ్చాయి. పదునైన అంచులని ఆకురాయితో రాయడం మామూలు పనైపోయింది. 19వ శతాబ్దంలో నగరాలు నడిచిందే గుర్రాలమీద. ట్రాములు, సరుకుల బళ్ళు, సైన్యం అన్నీ అవే. తినలేని గుర్రం అంటే ఆగిపోయిన బండి. 1906లో చికాగోలో లూయిస్ మెరిలాట్ పశువుల పళ్ళు, నోటి జబ్బుల మీద ఒక పెద్ద పుస్తకమే తెచ్చాడు.

పాపం, రెండేళ్ళు తిరక్కుండా 1908లో ఫోర్డ్ మోడల్ టి వచ్చింది. గుర్రాలతోపాటు గుర్రాల పళ్ళ విద్య కూడా మూలపడింది. పని ఆగిపోతే జ్ఞానం కూడా ఎలా ఆవిరవుతుందో చూడండి. 20వ శతాబ్దంలో చాలా దశాబ్దాలపాటు పశువైద్య కాలేజీల్లో ఈ విషయం నామమాత్రంగా మిగిలింది.

మళ్ళీ లేవడానికి ఒక కారణం మందు. 1962లో బేయర్ కంపెనీ జైలజీన్ అనే మందు తయారుచేసింది, 1980ల్లో డెటోమిడీన్ వచ్చింది. ఇవి ఇస్తే గుర్రం నిలబడే మగతలోకి వెళ్తుంది. మొట్టమొదటిసారి, పోరాటం లేకుండా, దీపం వేసి, అద్దం పెట్టి, నోటి చివరి పన్ను దాకా తీరిగ్గా చూడటం కుదిరింది. 1999లో బేకర్, ఈస్లీ కలిసి గుర్రాల దంతవైద్యం మీద తెచ్చిన పుస్తకంతో ఇది మళ్ళీ ఒక శాస్త్రంగా నిలబడింది.

చూసేకొద్దీ కొత్తవి బయటపడ్డాయి. ముసలి గుర్రాల్లో ముందు పళ్ళ వేళ్ళు కరిగిపోతూ చుట్టూ ఉబ్బెత్తుగా పేరుకునే ఒక జబ్బుకి 2008లో గానీ పేరు పెట్టలేదు. చాలా నొప్పి పుట్టించే జబ్బు. ఆ పళ్ళు తీసేశాక గుర్రం మళ్ళీ హుషారుగా తిరుగుతుంటే, ఇన్నాళ్ళూ ముసలితనం అనుకున్నామే అని యజమానులు ఆశ్చర్యపోతుంటారట.

మరి ఎలా తెలుసుకోవాలి?

గుర్రం వేటాడబడే జంతువు. మందలో కుంటుతూ కనిపించినదాన్నే తోడేలు పట్టుకుంటుంది. కాబట్టి నొప్పిని దాచుకోవడం దాని నైజం. నోరు మండుతున్నా తింటూనే ఉంటుంది. అందుకే చిన్న చిన్న సూచనలు పట్టుకోవాలి:

- నమిలిన గడ్డి ముద్దలు ముద్దలుగా నోట్లోంచి పడిపోవడం.
- లద్దెలో పొడుగాటి గడ్డిపోచలు, అరగని గింజలు కనిపించడం.
- తల ఒకవైపు వంచి నమలడం, మేత తినడానికి మరీ ఎక్కువ సమయం పట్టడం.
- మేత తగ్గించకపోయినా ఒళ్ళు తగ్గిపోవడం.
- ఒకే ముక్కురంధ్రం నుంచి కంపు కొట్టే చీము. పై దవడ చివరి పళ్ళ వేళ్ళు సైనస్‌లోకి ఉంటాయి, అక్కడ చీము పడితే ముక్కులోంచి వస్తుంది.
- దవడ మీద వాపు, కళ్ళెం పెడుతుంటే తల ఎగరేయడం, ఒకవైపుకి తిరగనని మొండికేయడం.

చివరిదాన్ని ఎక్కువసార్లు పొగరు కింద జమకట్టి కొరడా తీస్తారు.

సంరక్షణ పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఏడాదికోసారి పశువైద్యుడితో నోరు చూపించాలి. రెండు నుంచి ఐదేళ్ళ మధ్య 24 పాలపళ్ళు ఊడి కొత్తవొస్తాయి కాబట్టి ఆ వయసులో ఆరునెలలకోసారి చూపిస్తే మంచిది. ముసలివాటికీ అంతే. వీలైనంతసేపు గడ్డి మేయనివ్వాలి. పళ్ళు పోయినవాటికి దాణా బాగా నానబెట్టి మెత్తగా పెట్టాలి. సొంతంగా ఆకురాయి పట్టుకుని దిగకూడదు. కరెంటు మిషన్‌తో అతిగా రాస్తే వేడికి పన్ను లోపలి జీవం చచ్చిపోతుంది. పన్ను నున్నగా అద్దంలా ఉంటే గడ్డి నలగదు కూడా, ఆ గరుకుదనం దానికి కావాలి.

నాకనిపించేది

2014లో ఇటలీ పరిశోధకులు గుర్రం ముఖం చూసి నొప్పిని కొలిచే ఒక స్కేలు ప్రచురించారు. వెనక్కి బిగుసుకున్న చెవులు, ముడుచుకున్న కనురెప్ప, కంటి పైన బిగువు, బిగుసుకున్న నమిలే కండరాలు, నోరు, ముక్కుపుటాలు, మొత్తం ఆరు గుర్తులు. ఇందులో వాడింది కెమెరా, ఓపికా. జెనొఫోన్ కాలంలో కూడా ఓపిక ఉంది. వరాహమిహిరుడి శ్లోకం వెనక ఉన్న ఓపిక ఇంతకంటే తక్కువా? (ఆయన రాసింది లక్షణాల అధ్యాయం, వైద్యం కాదు, కాబట్టి ఆయన్నేం అనట్లేదు.) అప్పుడు అడిగిన ప్రశ్న "దీని విలువెంత?" కాబట్టి దానికి బ్రహ్మాండమైన జవాబొచ్చింది. "దీనికి ఎక్కడ నొప్పి?" అని అడగడం మొదలుపెట్టాక ఆ జవాబూ రావడం మొదలైంది.

అలాగని ఇప్పుడంతా బాగుందని కాదు. 2019లో ఫిన్లండ్‌లో పందెం అయిన వెంటనే 261 గుర్రాల నోళ్ళు పరీక్షిస్తే, కళ్ళెం తగిలే చోట 84 శాతం గుర్రాలకి తాజా గాయాలున్నాయి. డాక్టర్లకీ డబ్బుకీ కొదవలేని దేశంలో సంగతి ఇది. మన ఇటుక బట్టీల్లో, జట్కా బళ్ళకి, పెళ్ళి బారాత్‌లలో తిరిగే గుర్రాల నోళ్ళు ఎవరు చూస్తున్నారు?

ఈసారి పెళ్ళి ఊరేగింపులో గుర్రం కనిపిస్తే పెళ్ళికొడుకుని వదిలేసి ఒక్క నిమిషం దాని మూతి చూడండి. నోరు తెరుచుకునే ఉందా, నాలుక పక్కకి వేలాడుతోందా, తల ఊరికే ఎగరేస్తోందా? బ్యాండుకి డాన్సు చేస్తోంది అనుకుంటాం మనం. అన్నిసార్లూ అది డాన్సు కాకపోవచ్చు.

ఇంకోటి. పశువుల పళ్ళని బట్టి వయసు చెప్పడానికి మీ ఊళ్ళో వాడే మాటలుంటే చెప్పండి. ఆ మాటలు తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. మెరిలాట్ పుస్తకానికి పట్టిన గతి మన సంతల విద్యకి పట్టకముందే ఎవరో ఒకరు రాసిపెట్టుకోవాలి.